మిలార్డ్, ఆ స్టాప్ సైన్ మీద మంచుంది!

ఇప్పుడంటే ఫోను తెరిస్తే చాలు, ఏ భాష సినిమా కావాలంటే ఆ భాష సినిమా, కింద అక్షరాలతో సహా వచ్చి చేతిలో వాలుతుంది గానీ, నేను మిషిగన్‌లో ఉద్యోగంలో చేరిన ఎనభైల తొలి రోజుల్లో మన సినిమా చూడటమంటే పెళ్ళి చేసినంత పని. ఏ హైస్కూలు ఆడిటోరియమో అద్దెకి తీసుకుని, రీళ్ళు తెప్పించి, సమోసాలు వేయించి, తీరా అందరూ కూర్చున్నాక రెండో రీలు బదులు నాలుగో రీలు వేస్తే, హీరోకి పెళ్ళెప్పుడైందో తెలియక జనం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకునేవాళ్ళు. ఆ తరవాత వీడియో క్యాసెట్లు వచ్చాయి. వచ్చాయంటే, ఎవరో ఇండియా నుంచి తెచ్చిన క్యాసెట్‌కి కాపీ, ఆ కాపీకి ఇంకో కాపీ, దానికి మనవడి వరస కాపీ మన దాకా వచ్చేవి. అందులో హీరోయిన్‌ని చీరని బట్టీ, విలన్‌ని మీసాన్ని బట్టీ పోల్చుకోవాలి. మీసం ఉన్న హీరో అయితే ఇక ఆ భగవంతుడే దిక్కు.

ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా అపార్ట్‌మెంట్‌లో ఇద్దరమే ఉండేవాళ్ళం. నేనొకణ్ణి, నాతోపాటు అదే కంపెనీలో పనిచేసే తమిళ కుర్రాడొకడు. వాణ్ణి మేమందరం 'మద్రాసు' అనే పిలిచేవాళ్ళం. (వాడిది మద్రాసు కాదు, మద్రాసుకి రాత్రంతా రైల్లో వెళ్ళాల్సినంత దూరంలో ఏదో ఊరు. మొదట్లో సరిదిద్ది చూశాడు, తరవాత ఊరుకున్నాడు.) ఇద్దరం కలిసి ఓ టీవీ, ఓ వీసీఆర్ కొన్నాం. కొన్నాక తెలిసింది, అందులో వేసుకోవడానికి మా దగ్గరున్నది ఒకే ఒక్క క్యాసెట్ అని. అది మద్రాసుగాడి బాబాయి ఎవరిచేతో పంపించిన పాత తమిళ సినిమా. నలుపూ తెలుపూ. ఒక్క పాట లేదు, ఒక్క డాన్సు లేదు. సినిమా అంతా కోర్టే.

కథ చెబుతాను, చిన్నదే. ఓ అమాయకుడి మీద హత్యానేరం మోపుతారు. వీధి దీపం వెలుగులో వాడి మొహం స్పష్టంగా చూశానని ఒక సాక్షి గట్టిగా చెబుతాడు. ఊరంతా నమ్ముతుంది, చూస్తున్న మనమూ నమ్ముతాం. అప్పుడు ముద్దాయి తరఫు లాయరు లేచి, కోటు సర్దుకుని, ఎటో పైకి చూస్తూ, కూరగాయల బేరమాడుతున్నంత తీరిగ్గా, "ఆ వీధి మీకు బాగా తెలుసా?" అని అడుగుతాడు. తెలియకపోవడమేమిటి, రోజూ ఆ దారినే వెళతాను, ప్రతి గుమ్మమూ తెలుసు అంటాడు సాక్షి పొంగిపోయి. "అలాగా! మరి ఆ వీధిలో దీపమే లేదన్న సంగతి కూడా తెలిసే ఉండాలి కదా?" అంటాడు లాయరు. అంతే. సాక్షి మొహంలో నెత్తురుచుక్క ఉండదు. (నలుపు తెలుపు సినిమా కాబట్టి ముందు కూడా లేదనుకోండి. అయినా మనకి తెలుస్తుంది.)

మిషిగన్ చలికాలంలో శని, ఆదివారాలు బయటికి వెళ్ళే దారి ఉండదు. మేం ఆ సినిమా ఎన్నిసార్లు చూశామో లెక్క పెట్టలేదు. నాకు తమిళం ఒక్క ముక్క రాదు. మొదట్లో మద్రాసు పక్కన కూర్చుని తెలుగూ ఇంగ్లీషూ కలిపి అర్థం చెప్పేవాడు. తరవాత్తరవాత వాడికంటే ముందు నేనే డైలాగులు అందుకునేవాణ్ణి. అర్థం సగమే తెలిసినా విరుపు మాత్రం పూర్తిగా వచ్చేసింది. ఆ విరుపు సినిమాలోనే ఉండిపోతే ఇంత కథ ఉండేది కాదు. అది నాలోకి దిగింది. గ్రోసరీ స్టోర్‌లో క్యాషియర్ అమ్మాయి పొరపాటున అరటిపళ్ళు బిల్లులో రెండుసార్లు కొడితే, నేను కౌంటర్ మీద రెండు చేతులూ ఆనించి, "ఈ అరటిపళ్ళని మీరు మొదటిసారి ఎప్పుడు చూశారు?" అని అడిగాను. ఆ అమ్మాయి మేనేజర్‌ని పిలిచింది. ఆఫీసులో మాది కారు తలుపుల కీళ్ళు తయారుచేసే విభాగం. ఓ మీటింగ్‌లో కీలు ఎందుకు విరిగిందన్న చర్చ వస్తే నేను లేచి అటూ ఇటూ పచార్లు మొదలుపెట్టాను. మా బాస్ చాలా మంచివాడు, "బాత్‌రూమ్‌కి వెళ్ళాలంటే వెళ్ళి రా" అన్నాడు.

ఇలాంటి పరిస్థితిలో ఉన్న మనిషికి ట్రాఫిక్ టికెట్ వచ్చింది.

ఆ రోజు పొద్దున తడి మంచు, అడ్డంగా కొట్టే గాలి. ఆఫీస్‌కి డ్రైవ్ చేసుకుంటూ వెళుతున్నాను. మా దారిలో ఒక మలుపు దగ్గర స్టాప్ సైన్ ఉంది. ఆ పూట దాని మొహానికి సున్నం కొట్టినట్టు మంచు అతుక్కుపోయింది. నా ధ్యాసేమో అద్దం మీద పేరుకుంటున్న ఐస్ మీద ఉంది. ఆగకుండా వెళ్ళిపోయాను. వెనకాల ఎర్రదీపం, నీలందీపం. పోలీసాయన ఎత్తయిన మనిషి, ఎర్రటి ముక్కు, నెమ్మదైన గొంతు. లైసెన్స్ చూసి, టికెట్ చేతికిచ్చి, "జాగ్రత్తగా వెళ్ళండి" అన్నాడు. నేను మర్యాదగా థాంక్స్ కూడా చెప్పాను. (మనవాళ్ళం అంతే, ఎవరేమిచ్చినా థాంక్స్ చెబుతాం.)

నవ్వులాటకేం గానీ, నిజానికి అది నాకు చిన్న సంగతి కాదు. అప్పటికే నా పేరు మీద ఒక స్పీడింగ్ టికెట్ ఉంది. ఇంకోటి పడితే ఇన్సూరెన్స్ కంపెనీవాడు నన్ను వదిలేస్తానని ముందే చెప్పాడు. ఇన్సూరెన్స్ లేకపోతే కారు లేదు, కారు లేకపోతే ఆ ఊళ్ళో ఉద్యోగం సంగతి దేవుడెరుగు, పాలడబ్బా తెచ్చుకునే దారి కూడా లేదు. పైగా నా గ్రీన్ కార్డ్ పెండింగ్‌లో ఉంది. టికెట్‌కీ గ్రీన్ కార్డ్‌కీ సంబంధం లేదని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం మా బ్రహ్మచారులందరిలోనూ తలా ఒక కథ ప్రచారంలో ఉండేది, అన్ని కథల్లోనూ చివర్న ఎవరో ఒకడు ఇండియా విమానం ఎక్కేవాడు.

సలహా కోసం వదిన దగ్గరికి వెళ్ళాను. వదిన అంటే చుట్టరికం లేదు. మా ఆఫీసులో సీనియర్ ఇంజనీరు ఒకాయన్ని నేను అన్నయ్యా అనేవాణ్ణి, ఆవిడ ఆయన భార్య. గుంటూరు జిల్లా వాళ్ళు, ప్రతి ఆదివారం వాళ్ళింట్లోనే పదిమంది చేరి తెలుగులో ప్రార్థన చేసుకునేవాళ్ళు. ప్రార్థన అయ్యాక కోడికూర ఉంటుందని తెలిసి నేనూ మద్రాసూ సరిగ్గా ఆఖరి పాటకి వెళ్ళేవాళ్ళం. మద్రాసు కూర ముట్టడు, చారు తాగుతాడు. అయినా వస్తాడు.

వదిన అంతా విని, "ఏమయ్యా మరిదీ, మంచు కప్పేసింది, కనపడలేదు అని చెబితే సరిపోయేదానికి ఇంత మొహం వేలాడేస్తావేం? కోర్టుకి వెళ్ళు, ఆ రెండు ముక్కలూ చెప్పు, చేతులు కట్టుకుని నిలబడు. అంతే" అంది.

"అంతేనా?" అన్నాను. నాకు చాలా నిరాశగా అనిపించింది.

"ఇంకేం కావాలి? పాటలు పాడతావా?"

అన్నయ్య కంచంలోంచి తలెత్తకుండా, "వాడి కళ్ళు చూడు. వీడు రెండు ముక్కలతో ఆగేటట్టు లేడు" అన్నాడు.

ఆయన మనుషుల్ని బాగా చదివేవాడు. ఇంటికొచ్చి మద్రాసుకి సంగతి చెప్పగానే వాడు కూర్చున్నవాడు లేచాడు. "ఒరే, నీ కేసు మన సినిమా కేసే డా! అక్కడ దీపం లేదు. ఇక్కడ సైన్ లేదు. అదే పాయింట్!" అన్నాడు. మా ఇద్దరికీ ఒళ్ళు గగుర్పొడిచింది. ఆ శనివారం నుంచి రిహార్సల్స్. ఇస్త్రీ బల్ల నిలబెట్టి దాని వెనక మద్రాసు సాక్షి. అంటే పోలీసన్నమాట. నేను లాయరు. ఎన్నిసార్లు చేసినా వాడికి నచ్చేది కాదు. "కాదు డా, నువ్వు సాక్షిని చూసి అడుగుతున్నావు. లాయర్ సాక్షిని చూడడు. జడ్జిని చూడడు. పైన ఫ్యాన్‌ని చూస్తాడు. ఫ్యాన్ తిరుగుతుంది, ఆయన బుర్ర కూడా తిరుగుతుంది, అప్పుడే క్వశ్చన్ వస్తుంది" అనేవాడు. ఆ వాదనలో ఎంత బలం ఉందో ఇప్పుడు చెప్పలేను. ఆ రోజున మాత్రం అది భగవద్గీతలా వినపడింది.

మా పథకం ఇది. ముందు పోలీసాయన చేత ఆ రోడ్డు తనకి బాగా తెలుసని ఒప్పించాలి. తెలిసినవాడికి సైన్ కనపడకపోయినా అది ఉందని తెలుసు, తెలియనివాడు మాత్రం కనపడితేనే ఆగగలడు, కాబట్టి ముద్దాయి నిర్దోషి. కాగితం మీద చూస్తే ఇప్పటికీ నాకు ఇందులో దోషం కనపడదు.

కోర్టు రోజు వచ్చింది. నాకు నల్లకోటు లేదని అన్నయ్య తన పెళ్ళికోటు ఇచ్చాడు. ఆయన ఆరడుగుల మనిషి. నేను అది తొడుక్కుని చేతులు కిందికి దించితే వేళ్ళు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. మద్రాసు నా నుదుట విభూతి పెట్టాడు. కోర్టు వరండాలో వదిన కళ్ళు మూసుకుని నా తల మీద చెయ్యి పెట్టి, "ప్రభువా, ఈ పిల్లాడికి న్యాయం చెయ్యి. అంతకంటే ముందు వీడి నోటిని కాస్త అదుపులో పెట్టు" అని ప్రార్థించింది. రెండు మతాల అండతో లోపలికి వెళ్ళాను.

నేను ఊహించుకున్న కోర్టు వేరు. ఎత్తయిన గోడలు, బోనులు, కిక్కిరిసిన జనం. ఇది చూస్తే బ్యాంకులా ఉంది. తివాచీ, ట్యూబులైట్లు. ముఖ్యంగా ఫ్యాన్ లేదు. నా గుండె సగం అక్కడే జారింది. జడ్జి గారు ఒక పెద్దావిడ. ముగ్గుబుట్టలాంటి జుట్టు, మెళ్ళో గొలుసుకి వేలాడే కళ్ళజోడు. నా పేరు పిలిచింది. (పిలిచిందంటే మొదటి అక్షరం పలికి మిగతాది నాకు వదిలేసింది.) నేను లేచి, కోటు సర్దుకుని, వంగి, "మిలార్డ్!" అన్నాను.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "నన్ను లార్డ్ అనకండి. మా చర్చిలో పాస్టర్ గారు ఒప్పుకోరు" అంది ఇంగ్లీషులో. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. వదినే అనుకుంటాను.

ముందు పోలీసాయన చెప్పాడు. అతను సైన్ దగ్గర ఆగలేదు, అందుకని టికెట్ ఇచ్చాను అన్నాడు. తరవాత గొంతు సవరించుకుని, "కానీ ఒక సంగతి చెప్పాలి. ఆ పొద్దున సైన్ అంతా మంచు కప్పేసి ఉంది. అతను వెళ్ళిపోయాక నేనే దిగి గ్లవ్‌తో తుడిచాను" అన్నాడు.

"అంటే అతను వచ్చేసరికి అక్షరాలు కనపడటం లేదా?" అని అడిగింది జడ్జి గారు.

"లేదు. మొత్తం తెల్లగా ఉంది."

"మంచిది" అని ఆవిడ పెన్ను తీసుకుంది. "అయితే ఈ కేసు..."

"అబ్జెక్షన్!" అని అరిచాను.

ఆవిడ పెన్ను గాల్లో ఆగిపోయింది. "దేనికి? నేను మీ పక్షానే మాట్లాడుతున్నాను" అంది.

"సాక్షిని ప్రశ్నించే హక్కు నాకుంది, మిలార్డ్."

"హక్కుంది. అవసరం లేదంటున్నాను."

వెనక నుంచి వదిన, గుసగుస అనుకుని గట్టిగానే, "కూచో అబ్బాయ్, కూచో!" అంది తెలుగులో. జడ్జి గారు అటు చూసి, "ఆవిడేమంటున్నారు?" అని అడిగింది. కూర్చోమంటున్నారని చెప్పాను. "మంచి సలహా" అంది ఆవిడ.

కూర్చుంటే నేను నేనెందుకవుతాను? అన్ని వారాల రిహార్సల్స్, ఆ ఇస్త్రీ బల్ల, అన్నయ్య పెళ్ళికోటు, ఇవన్నీ ఏమైపోవాలి? గెలవడం ముఖ్యమని అప్పుడు నాకు తట్టనే లేదు. ఎలా గెలిచానన్నదే ముఖ్యం. పోలీసాయన వైపు నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి, "ఆఫీసర్, ఆ రోడ్డు మీకు బాగా తెలుసా?" అన్నాను.

"తెలుసు. నేను పుట్టింది ఆ రోడ్డు చివరింట్లోనే."

ఇంతకంటే మంచి జవాబు సినిమాలో కూడా రాలేదు. ఇప్పుడు పైకి చూడాలి. చూశాను. ట్యూబులైటు. దాన్నే చూస్తూ నిలబడ్డాను. జడ్జి గారు కూడా పైకి చూసింది. గుమాస్తా చూశాడు. పోలీసాయన చూశాడు. "అక్కడేమైనా లీక్ అవుతోందా?" అని అడిగింది జడ్జి గారు కంగారుగా.

"లేదు మిలార్డ్, ఆలోచిస్తున్నాను" అని, ఒక్కసారి తిరిగి చెయ్యి చాచాను. (చెయ్యి కోటు లోపలే ఉండిపోయింది, చాచింది ఒట్టి కోటు స్లీవే.) "ఆఫీసర్ గారికి ఆ రోడ్డు తెలుసు! కాబట్టి సైన్ కనపడకపోయినా ఆయన ఆగుతారు. అలవాటు మీద ఆగుతారు! కానీ తెలియని మనిషి ఏం చేస్తాడు? మంచు వెనక ఏముందో వాడికెలా తెలుస్తుంది?"

నిజం చెప్పొద్దూ, చాలా బాగా వచ్చింది. తమ వంతు కోసం కూర్చున్న జనం కూడా వింటున్నారు. మద్రాసు ఒక్కడూ ఒకసారి చప్పట్లు కొట్టి ఆపేశాడు. జడ్జి గారు తల పంకించి, "బాగుంది. చక్కటి పాయింట్. నాదొక్కటే ప్రశ్న. మీరు ఆ రోడ్డు మీద ఎన్నాళ్ళుగా డ్రైవ్ చేస్తున్నారు?" అని అడిగింది.

నా జాగ్రత్తని నిరూపించుకునే అవకాశం ఆవిడే ఇచ్చిందనుకుని పొంగిపోయాను. "రోజూ, మిలార్డ్! ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ, పొద్దున్నా సాయంత్రమూ! ఆ స్టాప్ సైన్ దగ్గర నేను ఆగని రోజు లేదు! వెనకవాళ్ళు హారన్ కొట్టినా సరే, పూర్తిగా ఆగి, అటు చూసి, ఇటు చూసి..."

ఆ 'ఇటు చూసి' దగ్గర నా మాట నాకే వినపడింది.

పోలీసాయన నేల చూపులు చూస్తున్నాడు, పాపం, నా తరఫున ఆయనే సిగ్గుపడుతున్నట్టు. వెనక నుంచి మద్రాసు గొంతు సన్నగా, "ముడింజు పోచ్చు" అంది. అయిపోయిందని అర్థం. ఆ ముక్కకి నాకు ఎవరూ అర్థం చెప్పక్కర్లేకపోయింది.

జడ్జి గారు కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకుని (నవ్వేననుకుంటాను, రుమాలు అడ్డం పెట్టుకుంది), "మీరు ఏం పని చేస్తారు?" అని అడిగింది. కారు తలుపుల కీళ్ళు అన్నాను. "అదే చేస్తూ ఉండండి. నేను ఈ కుర్చీలో చాలా ఏళ్ళుగా కూర్చుంటున్నాను. తన మీద తనే కేసు ఇంత బాగా నిరూపించుకున్న మనిషిని చూడలేదు. మిమ్మల్ని వదిలేద్దామని పెన్ను తీసుకున్నాను, మీరు ఒప్పుకోలేదు" అంది. ఆఖరికి ఆవిడ మంచితనమే నన్ను కాపాడింది. శనివారాలు డ్రైవింగ్ క్లాస్‌కి వెళితే టికెట్ నా రికార్డ్ మీదికి ఎక్కదని తీర్పు చెప్పింది. నేను "థాంక్యూ మిలార్డ్" అన్నాను. ఆవిడ ఇక సరిదిద్దలేదు.

పార్కింగ్ లాట్‌లో పోలీసాయన ఎదురుపడ్డాడు. "మీరు కూర్చుని ఉంటే ఈపాటికి ఇద్దరం కాఫీ తాగుతుండేవాళ్ళం. అదంతా ఎక్కడ నేర్చుకున్నారు?" అన్నాడు. సినిమాలో అన్నాను. "ఆ సినిమాలో లాయరు గెలిచాడా?" "గెలిచాడు." ఆయన గ్లవ్ తొడుక్కుంటూ, "ఆయన వాదించింది వేరేవాడి కేసు అయ్యుంటుంది" అని నా కారు అద్దం మీద మంచు గ్లవ్‌తో తుడిచి వెళ్ళిపోయాడు. అన్నిసార్లు చూసిన సినిమాలో ఆ చిన్న విషయం నాకూ తట్టలేదు, మద్రాసుకీ తట్టలేదు.

ఇంటికెళ్ళి అన్నం వడ్డిస్తూ వదిన, "నేను ప్రార్థన చేసింది నీ నోరు గురించి. దేవుడు విన్నాడయ్యా. జడ్జి గారి చేత ముందే పెన్ను కూడా పట్టించాడు. నువ్వే వినలేదు" అంది. అన్నయ్య నవ్వి నవ్వి పొలమారి మంచినీళ్ళు తాగాడు. డ్రైవింగ్ క్లాస్‌లో నా చుట్టూ అందరూ పదహారేళ్ళ పిల్లలు. వాళ్ళకీ ఈ సంగతి ఎలాగో తెలిసిపోయింది, నేను గదిలోకి రాగానే లేచి నిలబడి "మిలార్డ్" అనేవాళ్ళు. మద్రాసు ఆ వేసవిలో శాంటా క్లారాలో వేరే ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. టీవీ నాకొదిలేసి క్యాసెట్ తను తీసుకుపోయాడు. పంపకం న్యాయంగా లేదని అప్పుడు వాదించబోయి, ఎందుకులే అని ఊరుకున్నాను.

ఊరుకోవడం అక్కడ మొదలై, అలవాటుగా మారి, మెల్లగా నా స్వభావమైపోయింది. మొన్న మా కాలనీ మీటింగ్‌కి వెళ్ళాను. పిల్లలు ఆడుకునే జాగాలో ఇంకో పార్కింగ్ వేద్దామంటున్నారు. నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో కూడా తెలుసు, మాటలు నాలిక చివర దాకా వచ్చాయి. కాగితం కప్పులో కాఫీ ఊదుకుంటూ కూర్చున్నాను. తీర్మానం అయిపోయింది. కారెక్కాక మా ఆవిడ, "అంత కోపంగా ఉన్నారు, ఒక్క మాటైనా అనలేదేం?" అంది. "అంటే ఏమవుతుంది?" అన్నాను, చాలా తెలివైనవాడిలా.

ఆ రాత్రి భోంచేస్తుంటే గుర్తొచ్చాడు, ఆ కుర్రాడు. సగం వచ్చిన ఇంగ్లీషుతో, ఒక్క ముక్క రాని తమిళంతో, తనది కాని కోటులో, ఊరుకుంటే చాలు గెలిచిపోయే కేసులో, నలుగురి మధ్య లేచి నిలబడి అబ్జెక్షన్ అని అరిచినవాడు. వాడంత వెర్రివాడు ఇంకొకడు ఉండడు. నాకు నవ్వొచ్చింది. ఏమిటి నవ్వుతున్నారని మా ఆవిడ అడిగింది. వాడు నా కాలనీ మీటింగ్‌కి వచ్చి ఉంటే బావుండేది అని చెప్పబోయి, ఇంకాస్త పెరుగు వేసుకున్నాను.